180 గంటలు: ఒక మెంటర్ నోటుబుక్కు

2025 మే 5, సోమవారం

ఈ వేసవికి నాకు కేటాయించిన బ్యాచి జాబితా నోటీసు బోర్డులో పెట్టారు. అందరూ కెమిస్ట్రీ పిల్లలే. మొదటి ఏడాది పరీక్షలు ఇప్పుడే రాసి బయటపడ్డారు. ఇక చేయాల్సింది కమ్యూనిటీ సర్వీస్ ప్రాజెక్టు, పిల్లల మాటల్లో సీఎస్‌పీ. 2020-21లో మన ఆంధ్రప్రదేశ్ ఉన్నత విద్యామండలి డిగ్రీ చదువును మార్చినప్పుడు దీన్ని తప్పనిసరి చేసింది. మొదటి ఏడాది అయ్యాక ఊళ్ళో 180 గంటల పని, రెండో ఏడాది అయ్యాక కొద్దికాలపు ఇంటర్న్‌షిప్, ఆ తర్వాత ఒక సెమిస్టరు మొత్తం ఇంటర్న్‌షిప్. అన్నీ కలిపితే పది నెలలు.

ఇది వచ్చినప్పుడు స్టాఫ్ రూములో చాలామంది తల పట్టుకున్నారు. నేను మాత్రం సంతోషించాను. మెడిసిన్ వాళ్ళకి హౌస్ సర్జన్సీ ఉంది. అగ్రికల్చర్ బీఎస్సీ వాళ్ళకి రైతుల మధ్య గడిపే సెమిస్టరు ఉంది. బీఎడ్ వాళ్ళు బడిలో పాఠం చెప్పి తీరాలి. మామూలు డిగ్రీ పిల్లలకే ఏమీ ఉండేది కాదు. మూడేళ్ళు బెంచీ మీద కూర్చుని, మార్కుల లిస్టు పట్టుకుని ఇంటికి పోయేవాళ్ళు.

సీఎస్‌పీలో ముందు ఊరి సర్వే, తర్వాత అవగాహన కార్యక్రమం, ఆపైన తమ సబ్జెక్టుకి దగ్గరగా ఒక పని, చివర్లో రిపోర్టు, వైవా. వరస బాగానే ఉంది. నా పట్టుదల ఒక్కటే. పిల్లలు చేసే పని కోసం ఊళ్ళో ఎవరో ఒకరు ఎదురుచూస్తూ ఉండాలి. అడిగినవాడు లేని పని ఎన్ని గంటలు చేసినా చదువు కాదు.

మే 7

రిపోర్టులు రెడీమేడ్‌గా దొరుకుతాయని పిల్లలే చెప్పారు. ఊరి పేరు, కాలేజీ పేరు మార్చి స్పైరల్ బైండింగ్ చేసి ఇస్తారట. ఒకబ్బాయి దాపరికం లేకుండా అడిగాడు: "మేడమ్, అది పెట్టినవాళ్ళకీ మార్కులొచ్చాయి, ఎండలో తిరిగినవాళ్ళకీ వచ్చాయి. మరి తిరగడం ఎందుకు?"

వాడి ప్రశ్నలో తప్పేమీ లేదు. రిపోర్టుని చదివేది పరీక్షకుడు ఒక్కడే అయితే వాడన్నదే నిజం. రిపోర్టు మీద కోపంతో చివరి పేజీ దాకా పోయి తగువు పెట్టుకునేవాళ్ళు ఊళ్ళో ఉంటే, అప్పుడు రెడీమేడ్ కాగితం నిలబడదు. అదే చెప్పాను. నమ్మాడో లేదో తెలియదు గానీ ఊరు తిరగడానికి పేరు మాత్రం ఇచ్చాడు.

మే 9, శుక్రవారం

సచివాలయానికి వెళ్ళాం. కనిగిరి వైపు ఊరు. నీళ్ళ సంగతి రాసేటప్పుడు ఊరి పేరు రాయకపోవడం నాకు పాత అలవాటు.

2019 అక్టోబరు 2న గ్రామ సచివాలయాలు మొదలయ్యాయి. అంతకుముందు ఇలాంటి ప్రాజెక్టు అంటే పిల్లల్ని ఎవరి దగ్గరికి పంపాలో తెలిసేది కాదు. ఇప్పుడు పంచాయతీ కార్యదర్శి, ఏఎన్‌ఎం, సర్వేయరు, వెల్ఫేర్ అసిస్టెంటు, ఇంజనీరింగ్ అసిస్టెంటు అందరూ ఒకే కప్పు కింద ఉన్నారు. డిగ్రీ పిల్లకి ప్రభుత్వం అంటే ఏమిటో చూపించడానికి ఇంతకన్నా దగ్గరి చోటు లేదు. కలెక్టరేటు పెద్దది, ఢిల్లీ ఇంకా పెద్దది. నీతి ఆయోగ్‌లో ఇంటర్న్‌షిప్ ఉందిగానీ స్టైపెండు లేదు. ఢిల్లీలో అద్దె కట్టుకుని ఉండగలిగిన ఇంటి పిల్లలకే అది. మా పిల్లలకి ఆర్టీసీ బస్సు దిగి నడిచిపోగల ప్రభుత్వం కావాలి.

ఇంజనీరింగ్ అసిస్టెంటు కుర్రవాడు, సివిల్ బీటెక్. మమ్మల్ని చూడగానే పెన్ను తీశాడు. "సంతకం ఎక్కడ పెట్టాలి మేడమ్?" అన్నాడు. వచ్చినవాళ్ళు ఫోటో దిగి, సంతకం చేయించుకుని పోతారట. వాళ్ళు ఏం రాశారో ఆయన ఎన్నడూ చూడలేదు.

"సంతకం తర్వాత. మీకు ఏం కావాలో చెప్పండి" అన్నాను.

ఆయన కాసేపు ఆలోచించి బీరువాలోంచి బోర్ల రిజిస్టరు తీశాడు. అందులో ఉన్న బోర్లు కొన్ని ఎండిపోయాయి. కొత్తగా వేసినవి కొన్ని ఎక్కలేదు. కొందరి సొంత బోర్ల నుంచి వీధంతా పట్టుకుంటారు, అవి అసలు లెక్కలోనే లేవు. "ఏ బోరు నీళ్ళు ఎవరు తాగుతున్నారు, ఎవరు వంటకి వాడుతున్నారు, అది నా దగ్గర లేదు. నేనొక్కణ్ణి తిరగలేను. పై నుంచి అడిగినప్పుడల్లా అంచనా వేసి రాస్తున్నా. అది చేసిపెట్టండి చాలు."

పిల్లల ముఖాలు మారాయి. ఒక ఉద్యోగి తమని సాయం అడగడం వాళ్ళకి ఇదే మొదటిసారి.

మే 13, మంగళవారం

సర్వే మొదలు. ఉదయం ఆరింటికే మొదలుపెట్టమన్నాను, పదిన్నర దాటితే ఎండకి ఎవరూ తలుపు తియ్యరు.

ముద్రించిన షీటులో మొదటి ప్రశ్నలు కుటుంబ ఆదాయం, ఆస్తి. నాలుగిళ్ళలో అడిగేసరికి వీధంతా పాకింది, "కార్డులు తీసేయడానికి వచ్చారు" అని. ఒక అవ్వ అరుగు మీద కూర్చుని మా అమ్మాయిని నిలదీసింది. "ఏం రాసుకుంటుండావు అమ్మాయ్? రాసుకుంటే నీళ్ళొస్తయ్యా?" అమ్మాయి నా వైపు చూసింది. నేను మాట్లాడలేదు. "రావవ్వా. ఏ నీళ్ళు మంచివో తెలుస్తుంది" అంది చివరికి. అవ్వ పక్కకి జరిగి చోటిచ్చింది.

ఆ అరుగు మీదే షీటు మారిపోయింది. ఆదాయం ప్రశ్నని చివరికి నెట్టేశాం.

మే 14

"తాగే నీళ్ళు ఎక్కడివి?" అంటే దాదాపు అందరి జవాబూ "క్యాను". ఇరవై లీటర్ల మినరల్ వాటర్ క్యాను. షీటు ప్రకారం ఊరికి సమస్యే లేదు. అబ్బాయిలు మధ్యాహ్నానికే పని అయిపోయిందన్నట్టు వచ్చారు.

మా బ్యాచిలో ఒక ట్రాక్టర్ డ్రైవరు గారమ్మాయి ఉంది. ఆ అమ్మాయి మాత్రం ఒక ఇంట్లో మజ్జిగ తాగడానికి లోపలికి వెళ్ళింది. క్యాను మూలన ఉంది. పొయ్యి మీద ఎసరు మాత్రం బిందెలోంచి పోశారు. బిందెలోవి బోరు నీళ్ళు. అడిగితే ఆ ఇల్లాలు, "క్యాను నీళ్ళతో అన్నం వండితే ఎన్ని క్యాన్లు కావాలమ్మా?" అంది. బియ్యం, పప్పు ఎసరుని పీల్చుకుంటాయి. ఈ వైపు బోరు నీళ్ళలో ఉండే ఫ్లోరైడు పళ్ళెంలోకి వస్తుంది.

సాయంత్రం అందరినీ వేపచెట్టు కింద కూర్చోబెట్టి ఆ అమ్మాయి చేతే చెప్పించాను. వాళ్ళే ప్రశ్న మార్చారు. "ఇవాళ అన్నం ఏ నీళ్ళతో వండారు?" ఇంకొకడు కలిపాడు: "చేలో పనికి పోతే ఏం తాగుతారు?" రెండో ప్రశ్నకి జవాబు ఇంకా గట్టిది. క్యాను ఇంట్లోనే ఉంటుంది. మిర్చి కోతకి, కందికి పోయినవాళ్ళు పొలం బోరు దగ్గర దోసిలి పట్టి తాగుతారు, అదీ ఎండలో, ఎక్కువగా.

సర్వే గురించి నేను క్లాసులో ఒక సెమిస్టరు చెప్పినా ఈ రెండు ప్రశ్నలు వాళ్ళకి తట్టవు.

మే 16, శుక్రవారం

కిట్టు వచ్చింది. జల్ జీవన్ మిషన్ కింద ఊరికి అయిదుగురు ఆడవాళ్ళకి నీటి పరీక్ష నేర్పించి కిట్టు ఇవ్వాలి. ఇక్కడ శిక్షణ అయింది, కిట్టూ ఉంది. సీసాల మీద గడువు చూస్తే దాటిపోయింది. ఇంజనీరింగ్ అసిస్టెంటు పక్క మండలం నుంచి కొత్తది తెప్పించాడు. డ్వాక్రా సంఘం నుంచి శిక్షణ పొందిన ఒకావిడని పిలిచి, ఆవిడే మా పిల్లలకి చూపించాలని అడిగాను.

ఆవిడ చేతులు కడుక్కుంది. చిన్న గాజు గొట్టాన్ని పరీక్షించబోయే నీళ్ళతోనే ముందు కడిగి పారబోసింది. మా పిల్లల్లో ఒకడు కుళాయి నీళ్ళతో కడగబోతే చెయ్యి పట్టుకుని ఆపింది: "ఆ నీళ్ళు దీన్లో కలుస్తయ్ గదా నాయనా." గీత దాకా నీళ్ళు, తర్వాత మందు చుక్కలు లెక్కపెట్టి వేసింది. మూత పెట్టి తిప్పింది. ఎండలో కాదు, నీడలో తెల్ల కాగితం ముందు పట్టుకుంది. మందు గులాబి రంగులో ఉంటుంది. జిర్కోనియమూ అలిజరినూ కలిసిన రంగు అది. ఫ్లోరైడు ఉంటే జిర్కోనియాన్ని లాక్కుపోతుంది, అలిజరిన్ ఒంటరిగా మిగిలి పసుపు రంగు చూపిస్తుంది. నీళ్ళలో ఫ్లోరైడు ఎంత ఎక్కువైతే గులాబి అంతగా విరిగి పసుపు వైపు పోతుంది.

మొదటిది మంచినీళ్ళ పథకం కుళాయి నీళ్ళు. గులాబి చెక్కుచెదరలేదు. రెండోది రామాలయం దగ్గర చేతిపంపు. గులాబి చూస్తూండగానే నారింజకి తిరిగి, పసుపు దగ్గర ఆగింది. ఎవరూ మాట్లాడలేదు. ఆ పంపు దగ్గరే పొద్దున మా పిల్లలందరూ ముఖాలు కడుక్కుని నీళ్ళు తాగారు.

రంగుల కార్డు పక్కన పెట్టి ఒక్కొక్కరి చేత విడివిడిగా చదివించాను. ఒకరు చెప్పింది ఇంకొకరు వినకుండా కాగితం మీద రాయాలి. కంటికీ కంటికీ తేడా ఉంటుంది. ఆ తేడాని కూడా లాగ్‌బుక్‌లో రాయమన్నాను. బీఐఎస్ ప్రమాణం ప్రకారం లీటరుకి 1 మిల్లీగ్రాము లోపు ఉండాలి. వేరే దారి లేనప్పుడు 1.5 దాకా ఒప్పుకుంటారు. ఆ సంఖ్యలు పిల్లలకి పరీక్షకి ముందే నోటికి వచ్చు. అవి తమ ఊరి పంపుకి వర్తిస్తాయని ఇవాళ తెలిసింది.

మే 17

రాత్రి పడుకునే ముందు ఒక మాట. ఈ నేలకి ఫ్లోరైడు జబ్బు కొత్త కాదు. 1937లో షార్ట్ అనే డాక్టరు, ఆయన తోటివాళ్ళు మన దేశంలో ఎముకల ఫ్లోరోసిస్‌ని మొదటిసారి వైద్య పత్రికలో నమోదు చేసింది అప్పటి నెల్లూరు జిల్లా పల్లెల్లోనే. 1970లో ప్రకాశం జిల్లా ఏర్పడేదాకా కనిగిరి, పొదిలి, దర్శి నెల్లూరులోనే ఉండేవి. నడుములు వంగి, మెడ తిప్పలేక, కీళ్ళు కర్రల్లా బిగుసుకుపోయిన మనుషుల గురించి ఆ డాక్టర్లు రాశారు. దాదాపు తొంభై ఏళ్ళు. ఇవాళ సర్వేలో కనబడ్డ పెద్దాయన మెడ తిప్పలేక మనిషంతా తిరిగి మాతో మాట్లాడాడు.

కారణం రాయిలో ఉంది. ఇక్కడి గ్రానైటు రాతిలో ఫ్లోరైడు ఖనిజాలున్నాయి. వాన తక్కువ, బోరు లోతు ఎక్కువ. నీళ్ళు రాతి మధ్య చాలాకాలం నిలబడి క్షారగుణం పట్టి, కాల్షియం తగ్గినకొద్దీ ఫ్లోరైడుని లాగుతాయి. బోరు ఇంకా లోతుకి దించితే మంచినీళ్ళు పడతాయని ఊళ్ళో నమ్మకం. తరచుగా జరిగేది దానికి ఎదురు. ఈ ముక్క మూడో సెమిస్టరు పాఠంలో చెప్తాను. ఇకమీదట ఈ పిల్లలకి చెప్పాల్సిన పని లేదు.

మే 20, మంగళవారం

ట్రాక్టర్ డ్రైవరు గారమ్మాయి రెండో రోజు కూడా రాలేదు. ఫోను ఎత్తలేదు. ఇంటికి వెళ్తే వాళ్ళమ్మ ఉంది. అమ్మాయి ఉపాధి పనికి పోయిందట, చెరువు పూడిక. ఈ ఏడాది ఉపాధి కూలి రోజుకి 307 రూపాయలు.

"మేడమ్ గారూ, కోప్పడకండి. ఇది సదువే గదా అంటది. సదువే, కాదనను. మరి కాలేజీ ఉన్నన్నాళ్ళూ పనికి పోదు గదా, ఈ రెండు నెల్లే మాకు. పుస్తకాలకీ బస్సుకీ ఇవే."

ఏం జవాబు చెప్పాలి? ఈ 180 గంటలకి ప్రభుత్వం ఒక్క రూపాయి ఇవ్వదు. పోయినేడాది అక్టోబరులో మొదలైన ప్రధానమంత్రి ఇంటర్న్‌షిప్ పథకంలో నెలకి 5,000 రూపాయలు, చేరేటప్పుడు ఇంకో 6,000. అయిదేళ్ళలో కోటి మందికి అన్నారు, పెద్ద పెద్ద 500 కంపెనీల్లో. మంచిదే. అది 21 నుంచి 24 ఏళ్ళ మధ్యవాళ్ళకి, రోజూ కాలేజీకి పోయేవాళ్ళకి కాదు. అప్రెంటిస్ చట్టం 1961 నుంచి ఉంది, దాని కింద స్టైపెండు ఉంది, అదీ చదువు అయినవాళ్ళకే ఎక్కువగా. మొదటి ఏడాది అయిపోయి ఎండలో ఊరు తిరిగే పిల్లకి బస్సు చార్జీ కూడా లేదు. తెలంగాణలో 2023 డిసెంబరు 9 నుంచి ఆడపిల్లలకి బస్సు ఉచితం, అక్కడి లెక్చరర్లు ఎంత తేడా వచ్చిందో చెప్తుంటే ఆశగా వింటాను. మాకింకా రాలేదు.

నాకు ఇది చిన్న విషయంగా కనబడదు. ఊరి గురించి అందరికన్నా తెలిసిన పిల్లే, కూలికి పోవలసినందున, ఊరి సర్వేకి రాలేకపోతోంది. బిందెలోని ఎసరుని చూసింది తనే. డబ్బున్న ఇంటి పిల్లకి ఆ బిందె కనబడేదా అని ఆలోచిస్తున్నాను.

ఉపాధి పని పదిన్నరకల్లా అయిపోతుంది. తన ఇళ్ళు సాయంత్రం చూసుకోమన్నాను. గంటలు గంటలే, పొద్దునవైతే ఏం సాయంత్రంవైతే ఏం.

మే 21

వచ్చింది. సాయంత్రం నాలుగు నుంచి చీకటి పడేదాకా. పనికి పోయినచోట ఏ నీళ్ళు తాగుతున్నారో కూడా రాసుకొచ్చింది. చెరువు దగ్గర ఇచ్చేవి ట్యాంకరు నీళ్ళు. ట్యాంకరు నిండేది ఏ బోరు దగ్గరో డ్రైవర్ని అడిగి కనుక్కుంది. ఆ బోరు మా జాబితాలో లేదు.

మే 26

రుతుపవనాలు ఈసారి 24నే కేరళ తాకాయి. సీమ దాకా వచ్చేశాయట. ఇక్కడ మబ్బు పట్టి ఉక్క పోసింది, చినుకు లేదు. పిల్లలు మ్యాపు గీస్తున్నారు. చార్టు మీద వీధులు, బోర్లకి చుక్కలు. ఫోనులో లొకేషన్ తీసుకుని రిజిస్టరుకి కావలసిన అంకెలు రాస్తున్నారు. రెడీమేడ్ రిపోర్టు గురించి అడిగిన అబ్బాయి ఎండిపోయిన బోర్లకి కూడా చుక్క పెట్టాలని పట్టుబట్టాడు. ఎండినవి రాయకపోతే ఊరికి ఎన్ని బోర్లు ఉన్నాయన్న లెక్క తప్పు అవుతుందట. నిజమే.

మే 29, గురువారం

అవగాహన కార్యక్రమం. అంగన్‌వాడీ ముందు. ఫ్లెక్సీ వద్దన్నాను, ఆ డబ్బుతో నిమ్మకాయలూ మజ్జిగా తెచ్చారు.

ముందుగా ఒక సంగతి తేల్చాల్సి వచ్చింది. "కాచి చల్లార్చి తాగుతున్నాం, మాకేం కాదు" అన్నారు చాలామంది. కాస్తే క్రిములు చస్తాయి, ఫ్లోరైడు పోదు. నీళ్ళు ఆవిరైపోయినకొద్దీ మిగిలిన నీళ్ళలో ఇంకా చిక్కబడుతుంది. ఏళ్ళ తరబడి ఆరోగ్యశాఖ చెప్పిన మంచి మాట ఇక్కడ సరిపోదని చెప్పడం పిల్లలకి కష్టమైంది. ఏఎన్‌ఎం పక్కన నిలబడి మాట కలిపింది కాబట్టి విన్నారు.

రెండోది టీడీఎస్ మీటరు. నీళ్ళ ప్లాంటు ఆయన జేబులోంచి తీసి క్యాను నీళ్ళలో ముంచి చూపించాడు, "చూడండి, ఎంత తక్కువో." నీళ్ళలో కరిగిన లవణాలన్నిటినీ కలిపి చూపించేదే అది. అందులో ఫ్లోరైడు ఎంతో అది చెప్పలేదు. టీడీఎస్ తక్కువున్నా ఫ్లోరైడు హద్దు దాటొచ్చు. మా పిల్లలు ఆయనతో వాదించలేదు. ఆయన ప్లాంటు నీళ్ళనే కిట్టుతో పరీక్ష చేసి చూపించారు. గులాబి నిలబడింది. ఆయన నీళ్ళు మంచివే. మీటరు చూపించి అమ్మడమే సరి కాదు. ఆయనా ఒప్పుకున్నాడు, కిట్టు ఎక్కడ దొరుకుతుందని అడిగాడు.

అంగన్‌వాడీ ఆయా వెనక నుంచి, "మా వంట నీళ్ళు కూడా చూడండమ్మా" అంది. చూశారు. రామాలయం పంపువే.

ఫ్లోరైడు వల్ల పళ్ళ మీద గార పట్టేది పళ్ళు తయారయ్యే వయసులో, అంటే ఎనిమిదేళ్ళ లోపు. ఆ తర్వాత ఎంత మంచినీళ్ళు తాగినా ఆ మచ్చలు పోవు. అంగన్‌వాడీలో పిల్లలకి రోజూ పప్పు, అన్నం. ఆయా కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి. తప్పు ఆవిడది కాదని మా అమ్మాయిలు చాలాసేపు చెప్తూ కూర్చున్నారు. ఇంజనీరింగ్ అసిస్టెంటు అక్కడికక్కడే ఫోను చేశాడు. పథకం కుళాయి అంగన్‌వాడీ గోడకి ఇరవై అడుగుల దూరంలోనే ఉంది, పైపు ముక్క చాలు. ఆ పైపు వచ్చేదాకా ఎవరు బిందె మోయాలన్న మాట వస్తే పక్కింటావిడ నేను మోస్తానంది.

జూన్ 2

జాతీయ సేవా పథకం గుర్తొచ్చింది. 1969లో, గాంధీ శతజయంతి ఏడాదిలో 37 విశ్వవిద్యాలయాల్లో 40,000 మందితో మొదలైంది. రెండేళ్ళలో 240 గంటలు, ఏడు రోజుల క్యాంపు. నేను చదువుకునే రోజుల్లో ఆ క్యాంపులో రోడ్డు వేశాం, మట్టి మోశాం. మంచి స్నేహాలు మిగిలాయి. సీఎస్‌పీ దానికన్నా ఒక మెట్టు ముందుకు పోయింది, పిల్ల తన సబ్జెక్టుతో ఊళ్ళోకి వెళ్ళాలంది. కెమిస్ట్రీ పిల్ల పార పట్టడం కన్నా గాజు గొట్టం పట్టడమే ఊరికి ఎక్కువ అవసరం. కామర్స్ వాళ్ళని డ్వాక్రా సంఘాల పుస్తకాల దగ్గరికి పంపిన మా సహోద్యోగి ఒకాయనదీ ఇదే మాట.

జూన్ 10, మంగళవారం

గ్రామీణ నీటి సరఫరా (ఆర్‌డబ్ల్యూఎస్) ల్యాబు నుంచి ఫలితాలు. కిట్టు అనుమానించిన బోర్ల నమూనాలన్నీ పంపాం, బాగున్నాయన్న వాటిలోంచి కూడా కొన్ని. ఎక్కువ భాగం సరిపోలాయి. ఒక బోరు దగ్గర తేడా వచ్చింది. కిట్టు అంచున ఉందంది, ల్యాబు 1.5 దాటిందంది. మా రంగుల రీడింగుల కాగితం తీసి చూస్తే ఆ బోరు దగ్గరే పిల్లల కళ్ళు కూడా ఎక్కువగా విడిపోయాయి. ఆ రోజు రాసి పెట్టుకోకపోతే ఇవాళ ఆ సంగతి తెలిసేదే కాదు.

ల్యాబు ఆవిడ పిల్లల్ని లోపలికి పిలిచి ఫ్లోరైడుని కొలిచే ఎలక్ట్రోడు చూపించింది. నమూనా సీసా మీద తేదీ, సమయం, ఎవరు పట్టారు అన్నవి లేవని రెండు సీసాలు వెనక్కి ఇచ్చింది. వాటిని మళ్ళీ పట్టుకురావాలి. పిల్లలు మొహం చిన్నబుచ్చుకున్నారు. నాకైతే ఆవిడ మీద గౌరవం పెరిగింది. క్లాసులో లేబులు లేదని నేను మార్కు తీస్తే పిసినారితనం అనుకుంటారు.

జూన్ 14

పంచాయతీ ఆఫీసులో పెద్దల ముందు జాబితా చదివారు. అసలు తగువు ఇక్కడ వచ్చింది.

హద్దు దాటిన పంపులకి ఎర్ర రంగు వేయాలని ఇంజనీరింగ్ అసిస్టెంటు అన్నాడు. అది చాలాచోట్ల ఉన్న పద్ధతే. ఒక పెద్దాయన లేచాడు. "ఎర్ర రంగు ఏస్తే సూసినోళ్ళు ఏమంటారు? ఇప్పటికే మా పిల్లోళ్ళ పళ్ళు సూసి సమ్మందాలు ఎనక్కి పోతుండయ్. ఊరి మీద ముద్ర ఏత్తారా?" కొందరు అవునన్నారు. ఒకావిడ గట్టిగా తిరగబడింది, "పళ్ళు పోయినాక ముద్ర ఎక్కడుంటే ఏం?" అంది.

మా పిల్లలు అవాక్కయ్యారు. నిజం కనుక్కుని చెప్తే అందరూ సంతోషిస్తారని అనుకున్నారు. ఆ పెద్దాయన అన్నదీ నిజమే, ఆయన ఇంట్లో పెళ్ళీడు అమ్మాయి ఉంది. చివరికి కుదిరిందేమంటే, పంపు మీద రంగు బదులు "తాగడానికి, వంటకి వాడరాదు" అని పలక. లోపల వీధిలోకి కనబడేట్టు, రోడ్డు మీదికి కాదు. నాకు పూర్తిగా తృప్తి లేదు. దారిన పోయే కూలీలకి ఆ పలక కనబడదు. అదే అడిగాను. రోడ్డు పక్క పంపు ఒక్కదానికి ముందువైపే పెట్టడానికి ఒప్పుకున్నారు.

ట్రాక్టర్ డ్రైవరు గారమ్మాయి ఆ రోజు సాయంత్రం లాగ్‌బుక్‌లో ఏమీ రాయలేదు. రేపు రాస్తానంది.

జూన్ 19, గురువారం

వైవా. వచ్చిన పరీక్షకుడు మంచి మనిషి, తీరిగ్గా విన్నాడు. బోర్ల మ్యాపు మీద వేలు పెట్టి, "ఈ సమాచారం ఇప్పుడు ఎవరి దగ్గరుంది?" అని అడిగాడు. "సచివాలయం రిజిస్టరులో ఎక్కింది సార్, అసలు కాపీ అక్కడే ఉంది, మాది జిరాక్సు" అంది అమ్మాయి. ఆయన పెన్ను కింద పెట్టి మ్యాపుని ఇంకోసారి చూశాడు.

వేరే బ్యాచిల రిపోర్టులు కూడా చూశాను. కొన్ని చాలా బాగున్నాయి. కొన్నిటిలో జూన్ 5న మొక్క నాటిన ఫోటో ఒక్కటే పని. ఆ పిల్లల్ని తప్పుపట్టను. వాళ్ళ మెంటర్ల చేతిలో పరీక్షల డ్యూటీ, అడ్మిషన్లు, నలభై యాభై మంది పిల్లలు. ఊరికి ఒక్కసారైనా వెళ్ళే తీరిక ఎవరు ఇచ్చారు?

జూన్ 20

విద్యామండలికి రాయాలనుకున్న కాగితం మొదలుపెట్టాను. ప్రతి రిపోర్టు మొదటి ప్రతి సచివాలయంలో ఇచ్చి రసీదు తీసుకోవాలి, ఆ రసీదు లేకుండా వైవా ఉండకూడదు. ప్రాజెక్టు విషయాన్ని కాలేజీ కాదు, సచివాలయం ఉద్యోగి అడగాలి. బస్సు చార్జీ, మధ్యాహ్నం భోజనానికి సరిపడా డబ్బు పిల్లల ఖాతాలో పడాలి. ఉపాధి పనికి పోయే ఇళ్ళ పిల్లలకి ఈ గంటల్ని ఉపాధి పనిదినాల కిందే లెక్కకట్టే దారి ఉందా అని కూడా అడుగుతున్నాను. చట్టంలో ఇప్పుడు చోటు లేకపోవచ్చు, అడగకపోతే ఎప్పటికీ రాదు. మెంటరుకి పిల్లల సంఖ్య మీద హద్దు ఉండాలి.

సాయంత్రం ఇంజనీరింగ్ అసిస్టెంటు ఫోను. అంగన్‌వాడీకి పైపు వేశారట. వానల తర్వాత బోర్లలో నీటిమట్టం మారితే ఫ్లోరైడు కూడా మారుతుంది కదా, నవంబరులో మళ్ళీ చూడాలి, పిల్లలు వస్తారా అని అడిగాడు. అప్పటికి వాళ్ళు మూడో సెమిస్టరులో ఉంటారు, గంటలూ మార్కులూ ఏమీ ఉండవు. గ్రూపులో మెసేజి పెట్టాను. రెడీమేడ్ రిపోర్టు అబ్బాయి ముందుగా పేరు రాశాడు. కిట్టు మందుల గడువు సెప్టెంబరుతో అయిపోతుంది, కొత్త సీసాలకి ఇండెంటు ఆగస్టులోనే పెట్టించాలి.